మోకు తెగిన పండుగ

కోతలయ్యాక వచ్చే పండుగ నాడు బల్లకట్టు నడిపేవాడికి ఊపిరి సలపని పని. ఏటికి ఈ ఒడ్డున ఊరు, ఆ ఒడ్డున సంత. వంతెన కావాలంటే ఎగువకు రెండు రోజులు నడవాలి. అందుకే ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన మోకును చేత్తో లాగుతూ ఇరవై ఏడేళ్ళుగా అతనే ఊరిని దాటిస్తున్నాడు. అరచేతులు ఎంత మొద్దుబారాయంటే, పొయ్యిలోంచి నిప్పుకణిక వేళ్ళతో తీసి చుట్ట ముట్టించుకునేవాడు. పిల్లా పెద్దా అందరికీ అతను మోకు మామే.

యుద్ధం మాట వింటూనే ఉన్నారు. అదెక్కడో దూరాన అనుకున్నారు.

ఆ పొద్దున నాలుగు విడతల్లో నలభై మందిని సంతకు దాటించాడు. చివరి విడతలో అతని భార్య ఎక్కింది. వెంట పక్కింటి నేతగాడి కూతురు, పదహారేళ్ళది. నేతగాడికి పిల్లను పంపడం ఇష్టం లేదు.

“ఏం బావా, నీ కూతురేమన్నా పంచదార బొమ్మా, తడి తగిలితే కరిగిపోడానికి?” అని నవ్వాడు మోకు మామ. “పక్కన మీ చెల్లెలుంటుందిగా. పొద్దు వాలేలోపు నేనే తీసుకొస్తాను.”

అవతల దిగుతూ భార్య, “గిన్నె దించి మూతపెట్టాను. చల్లారకముందే తిను, నేను లేనని మాడి చావకు” అని కసిరి మరీ వెళ్ళింది.

ఖాళీ బల్లకట్టుతో అతను ఇవతలికి వచ్చేసరికి రేవులో గొడ్డళ్ళతో పన్నెండు మంది గుర్రపు సైనికులు నిలబడి ఉన్నారు. వాళ్ళ అధికారికి ఇంకా మీసం సరిగ్గా రాలేదు.

“మోకు తెంచు. సాయంత్రానికి శత్రువు ఆ ఒడ్డుకొస్తాడు. బల్లకట్టు వాడికి దక్కకూడదు.”

“అయ్యా, మావాళ్ళు నలభై మంది అవతలున్నారు. రెండు విడతల్లో కుక్కి తెచ్చేస్తా. ఒక్క గంట చాలు.”

“గంట ఇవ్వడం నా చేతిలో లేదు.”

“పోనీ ఒక్క విడత! ఆడవాళ్ళని మాత్రం తెచ్చుకుంటానయ్యా.”

కుర్రవాడు ఆ ఒడ్డుకేసి చూశాడు. ఒప్పుకుంటాడేమోనని మోకు మామ కాళ్ళమీద పడ్డాడు. అధికారి కాళ్ళు వెనక్కి లాక్కుని, గొడ్డళ్ళవాళ్ళకు తల ఊపాడు.

నాలుగు దెబ్బలకు మోకు తెగింది. బల్లకట్టుకు చిల్లులు పొడిచి నీళ్ళలోకి తోసేశారు. మోకు మామ ఏట్లో దూకాడు. నిండుగా పారుతున్న ఏరు అతన్ని బారెడు దూరం కూడా పోనివ్వకుండా బురదలోకి విసిరేసింది.

గొడ్డళ్ళ చప్పుడుకు అవతలివాళ్ళు రేవులోకి పరుగెత్తుకొచ్చారు. పసుపు చీరను బట్టి భార్యను గుర్తుపట్టాడు. ఏదో అరుస్తోంది. నీటి హోరులో ఒక్క ముక్క వినపడలేదు. ఎగువకు పొమ్మని, వంతెనకేసి పొమ్మని, చేతులు పడిపోయేదాకా ఊపాడు. వాళ్ళూ చేతులు ఊపారు. ఊపి, అక్కడే కూర్చున్నారు.

పందొమ్మిది రోజుల తర్వాత భార్య దాక్కుంటూ, వంతెన మీదుగా చుట్టుతిరిగి ఇల్లు చేరింది. మరో పాతికమంది విడివిడిగా వచ్చారు. నేతగాడి కూతురు రాలేదు.

“నువ్వు చెయ్యి ఊపావు కదా, వేరే పడవ తెస్తున్నావనుకున్నాం” అంది భార్య, గోడకు చేరగిలబడి. “శత్రువుల గుర్రాలు మీదకొచ్చేదాకా అక్కడే ఉన్నాం. పరుగుల్లో పిల్ల చెయ్యి జారిపోయింది. నా చెయ్యి పట్టుకునే ఉందయ్యా, నా చెయ్యే...”

ఆ సంగతి నేతగాడికి ఆమే వెళ్ళి చెప్పింది. పక్కింట్లో ఏడుపు కూడా వినిపించలేదు. మగ్గం చప్పుడు మాత్రం ఆగిపోయింది.

యుద్ధం ముగిశాక ఊరంతా కలిసి కొత్త బల్లకట్టు చేయించారు. లాగడం తెలిసినవాడు ఇంకొకడు లేక మళ్ళీ మోకు మామే పట్టుకున్నాడు. ప్రతి సంతరోజూ మొదటి విడతలో నేతగాడు ఎక్కేవాడు. పిల్ల పోలికలు చెప్పి కొట్టుకొట్టునా అడిగేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

చివరి విడతను ఊరికి చేర్చాక మళ్ళీ ఖాళీగా వెళ్ళి, నేతగాడు రేవుకు తిరిగొచ్చేదాకా మోకు మామ బల్లకట్టును అవతలి ఒడ్డునే ఆపి కూర్చునేవాడు. దూరాన అతను ఒక్కడే వస్తూ కనిపిస్తే లేచి మోకు అందుకునేవాడు.