పంటికింద బార్లీ గింజ

నా చిన్నప్పుడు, మేము మిషిగన్‌లోని నోవైలో ఉన్న రోజుల్లో, మా తాతయ్య ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉన్నాడు. అమ్మానాన్నలు ఆఫీసులకి, నేను స్కూలుకి పోతే ఆయనొక్కడే కిటికీ పక్కన కుర్చీ వేసుకుని మంచు చూస్తూ కూర్చునేవాడు. నేను రాగానే పొద్దుటినుంచి దాచుకున్న మాటలన్నీ చెప్పబోయేవాడు. నేనేమో టీవీ పెట్టుకునేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం.

పక్కింట్లో ఒక అమెరికన్ ముసలాయన ఉండేవాడు. ఆ ఏడు వేసవిలోనే భార్య పోయింది. వాళ్లిద్దరూ ఏటా చలికాలంలో ఇంట్లోనే బార్లీవైన్ కాచేవారు. పేరుకి వైనే గానీ అది చిక్కటి బీరు, సీసాల్లో ఏడాది మాగాలి. అందులోకి మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, ఏ రకం ఎంత వెయ్యాలో నమిలి చూసి తేల్చేది ఆవిడే. ఆయనకి ఏదో జబ్బు చేసి రుచీ వాసనా పోయి చాలా ఏళ్లయింది.

ఒక శనివారం మా ఇంటి ముందు మంచు తీసిపెడుతూ ఆయన ఇదంతా నాతో చెప్పాడు. నేను తాతయ్యకి చెప్పాను. తాతయ్య గోదావరి జిల్లాలో నలభై ఏళ్లు రైస్ మిల్లుకి ధాన్యం కొన్న మనిషి. వడ్లగింజ కొరికి తేమ ఎంతుందో చెప్పేవాడు. బీరు మాత్రం జన్మలో ముట్టలేదు.

"తాగమనట్లేదు కదా. గింజ చూడ్డానికేం, పద" అని స్వెట్టర్ మీద కోటు, కోటు మీద శాలువా వేసుకుని బయల్దేరాడు. అమెరికా వచ్చాక ఆయనతో ఒకరికి పని పడటం అదే మొదలు.

ఆయన గరాజ్‌లో బల్ల మీద రకరకాల మాల్టు చిన్న సంచులున్నాయి. తాతయ్య ఒక్కోటీ నమిలి చూశాడు. ఎర్రగా వేగినవి కాస్త ఎక్కువ పడినా ఫర్వాలేదన్నాడు, నల్లవి గుప్పెడు దాటితే మాడు వాసనే అన్నాడు. నేను ఇంగ్లీషులో చెబుతుంటే పక్కింటాయన రాసుకున్నాడు. ఇక మిగిలింది అసలు సరుకు, తెల్లమాల్టు, నిండు బస్తా. దాని మీద చెయ్యివేసి, ఇది మా ఆవిడ చివరిసారి కొన్నది అన్నాడు.

తాతయ్య ఒక గింజ కొరికాడు. మరో రెండు కొరికాడు. "చెమ్మ లాగేసిందమ్మా. పనికిరాదని చెప్పు."

నేను బస్తా మీదున్న ఆ చెయ్యి చూశాను. "హీ సేస్ ఇట్స్ గుడ్" అనేశాను.

తాతయ్యకి ఇంగ్లీషు రాదు గానీ, గుడ్ అంటే తెలియనంత కాదు. చాలకపోతే కలుపుదామని ఆ వారమే కొన్న తెల్లమాల్టు సంచి ఒకటి పక్కనే ఉంది. తాతయ్య అందులోంచి ఒక గింజ తీసి పక్కింటాయన చేతిలో పెట్టి, కొరకమన్నట్టు తన పళ్లు చూపించాడు. ఆయన కొరికాడు. టక్కున విరిగింది, నాక్కూడా వినిపించింది. తర్వాత బస్తాలో గింజ ఇచ్చాడు. అది కొరికితే ఏ చప్పుడూ లేదు. రుచి తెలియకపోతేనేం, ఆయనకి పళ్లూ చెవులూ ఉన్నాయని నాకు తట్టనే లేదు.

ఆయన తనే ఇంకొకటి తీసి కొరికాడు. తర్వాత స్టూలు మీద కూర్చుండిపోయాడు. నావైపు చూసి, మా ఆవిడైతే నాకు చెప్పేసేది అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఇంటికొస్తుంటే తాతయ్య అన్నాడు. "ఏడాది ఆగాక అది పాడైనా ఆయనకి తెలీదమ్మా. తాగినోళ్లు మొహమాటానికి బాగుందంటారు. చెప్పే మనిషి పోయినవాడికి మనమైనా చెప్పాలి కదా."

పక్కింటాయన కొత్త బస్తా కొన్నాడు. పాతదాంట్లోంచి ఒక్క గుప్పెడు మాత్రం కలుపుకున్నాడు. వేసవి రాకుండానే తాతయ్య ఇండియా వెళ్లిపోయాడు. మరుసటి చలికాలం పక్కింటాయన మాకొక సీసా ఇచ్చాడు. నాన్న ఒక గుక్క తాగి, బాగానే ఉంది గానీ చేదు కాస్త ఎక్కువైందన్నాడు. నేను వెళ్లి ఆ మాట అలాగే చెప్పాను. ఆయన నవ్వి, కాగితం తీసి రాసుకున్నాడు. ఆ రోజు తాతయ్యకి ఫోన్ చేసి, కాలింగ్ కార్డ్‌లో నిమిషాలన్నీ అయిపోయేదాకా మాట్లాడాను.

ఇప్పుడు తాతయ్యా, పక్కింటాయనా ఇద్దరూ లేరు. నన్నే పిల్లలు ఆంటీ అంటున్నారు. వేరే ఊళ్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. నేనేం వండినా, ఏం చేసినా అందరూ గుడ్ అంటారు. నన్నెవరైనా అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టే చెబుతాను. నాకలా చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు. బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా ఒక గింజ పంటికింద పెట్టుకుని, చప్పుడు వినిపిస్తుందేమోనని ఆగుతాను.