దేవుళ్లు ఖాళీ చేసిన గోడ

మా మేనత్త పోయింది. మొన్న పొద్దుగాల చాయ్ పెట్టి, నన్ను లేపి, జర నడుం వాలుస్తనని పండుకున్నది. మళ్ల లేవలే. గోడాదరా బస్తీల మా గల్లీ అంతా వచ్చింది, మూతులకు మాస్కులు, కండ్లల్ల నీళ్లు. అమ్మ లేని నన్ను పెంచింది ఆమెనే. ఏడ్చుకుంటనే గర్వపడుతున్న. ఎందుకో మీకు చెప్త.

లాక్‌డౌన్‌ల నాయిన బట్ట నేసే సాంచాలు బందైనయ్, నా బడి కూడ బందైంది. అంతకుముందే మా పీటీ సారు నన్ను జిమ్నాస్టిక్స్ టీముల తీసుకోనన్నడు. "చేతుల మీద నిలబడాలంటే భుజాలల్ల బలం కావాలె. బడి తెరిచినంక మళ్ల చూస్త" అన్నడు. గోడ సాయంతోని చేసే కసరత్తుల వీడియో ఒకటి ఫోనుకు పంపిండు.

గోడ ఏది? ఉన్నది ఒక్క గది. ఒక దిక్కు బీరువా, ఒక దిక్కు పొయ్యిగట్టు, ఇంకో దిక్కు తలుపు, కిటికి. మిగిలిన గోడ నిండ దేవుళ్లే. అత్త నా మొఖం చూసింది, స్టూలెక్కింది. "జర సర్దుకోండ్రి స్వామీ, పిల్లకు పనున్నది" అనుకుంట పటాలన్నీ దించి ఫ్రిజ్ మీద నిలబెట్టింది.

నాయిన గయ్యిమని లేచిండు. "ఏందక్కా గిది? దేవుళ్లున్న గోడకు కాళ్లు పెట్టిస్తవా?"

"దేవుళ్లకు ఏ జాగైనా ఒకటే తమ్మీ. పిల్లకు ఈ గోడొక్కటే ఉన్నది."

ఇగ మొదలైంది. ముందు నిలబడి గోడను తోసుడు. తర్వాత నేలకు చేతులానించి, పాదాలతోని గోడ మీదికి మెల్లగ ఎక్కుడు. మోచేతులు వంగొద్దు, భుజాలు చెవుల దాక తొయ్యాలె. అత్తకు కసరత్తంటే ఏందో తెల్వది. కని వీడియో విని విని సారును మించిపోయింది. మంచం మీద బియ్యం ఏరుకుంటనే "భుజాలు కుంగినయ్ బిడ్డా, తొయ్!" అని అరిచేది. దబ్బున పడితే "నేల ఏడికి పోతలేదు, మళ్ల పెట్టు చేతులు" అని నవ్వేది. ఆడపిల్లకు గీ తలకిందుల ఆటలేందని పక్కింటామె అంటే, "నీతోని అయితదా? నాతోనైతే కాదు. మా పిల్లతోని అయితది" అన్నది.

బడి తెరిచిన్నాడు పండుగ చీర కట్టుకోని నా వెంట గ్రౌండుకు వచ్చింది. గోడ లేకుంట లేచిన. కాళ్లు ఊగినయ్. గేటు కాడి నుంచి అత్త ఒక్కటే కేక, "భుజాలు!" తోసిన. నిలబడ్డ. సారు నా పేరు రాసుకున్నడు. దారి పొడుగునా కనపడ్డోళ్లకల్లా చెప్పుకుంట ఇంటికొచ్చింది అత్త, ఆఖరికి కూరగాయలామెకు కూడ.

దేవుళ్లు మళ్ల గోడెక్కలే, ఇప్పటికీ ఫ్రిజ్ మీదనే. దీపావళికి నాయిన సున్నం వేయిస్తనంటే, నా పాదాల మరకలున్న కాడ అత్త ముట్టనియ్యలే.

నిన్న ఆమె ఫోటో పెట్టేతందుకు నాయిన ఆ గోడకే మేకు కొట్టబోయిండు. వద్దన్న. ఎదురుగ, కిటికి పక్కన, ఆమె మంచానికి పైన పెట్టించిన. ఇయ్యాల పొద్దుగాల అందరు లేవకముందే చేతులు నేలకానించి కాళ్లు గోడకు ఎత్తిన. తలకిందుల అత్త కనపడ్డది, దండతోని. ఏడుపుకు భుజాలు కుంగినయ్.

తోసిన.