మల్లేశం చెకప్‌కు ఎందుకు రాలేదు

ఈసారి పట్నంలో చెకప్‌కు నేనొక్కదాన్నే పోయి వచ్చాను. మల్లేశం రాలేదు. అతను సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మనిషి. నాకు రొమ్ములో, అతనికి గొంతులో క్యాన్సర్. రేడియేషన్ కరెంటు పెట్టించుకునే వరుసలో పక్కపక్కన కూర్చుని అక్కాతమ్ముళ్లమయ్యాం. జబ్బు తగ్గాక కూడా ప్రతి చెకప్‌కూ కలిసే పోయేవాళ్లం. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడు, “మంచిగున్న అక్కా” అని మెసేజ్ పెడతాడు. నాకు ఒళ్లు మండింది. చూసే వద్దామని బయలుదేరాను.

జగిత్యాలలో ఏడు గంటల బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. ఎనిమిది కాకముందే కోరుట్లలో దిగాను. మల్లేశం బిడ్డ లత అక్కడి కోడలు. వస్తున్నానని ఫోన్ చేసి చెబితే బస్టాండులో టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

“బాపు నాతోని గూడ మాట్లాడుతలేడు అత్తమ్మా. కోపమొచ్చిందో ఏందో. జర మాట్లాడిపియ్యి.”

“చెవు వట్టి మాట్లాడిపిస్త. నువ్వు రంది వెట్టుకోకు,” అన్నాను.

వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సులో కిటికీ సీటు దొరికింది. రుద్రంగి దాటాక లత ఇచ్చిన డబ్బా విప్పితే సర్వపిండి. పక్క సీటాయనకు ఒక ముక్క ఇచ్చి మాటల్లో పెట్టాను. దుబాయ్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా చేసి వచ్చాడట.

“మా సేటు తల్లికి గిదే బీమారి. తక్కువైనంక గూడ దవాఖానోళ్లే ఫోన్ జేసి పిలుస్తుండిరి. పోకుంటే మల్ల జేస్తుండిరి.”

“మనలనెవ్వలు పిలుస్తరు తమ్మీ? మనమే మతికుంచుకోవాలె.”

అది పైసలున్న ఇంటి సంగతి కావచ్చు. అయినా నాకు అసూయ కలిగింది.

పదకొండు దాటాక సిరిసిల్లలో దిగి ఆటో ఎక్కాను. మల్లేశం పనిచేసే షెడ్డులో అడుగు పెట్టగానే చెవులు చిల్లులు పడ్డాయి. చీరల ఆర్డరు మీద సాంచాలన్నీ నడుస్తున్నాయి. ఆ మోతలో ఎవరూ నోటితో మాట్లాడరు. మల్లేశం నన్ను చూసి నవ్వి, వేళ్లు నోటి దగ్గరికి చేర్చి, తిన్నావా అని అడిగాడు. పక్క వరుసలో పనిచేసే అతని భార్య సుజాత చేత్తోనే కూర్చోమంది. ఏళ్ల అలవాటు, ఇంట్లోనూ ఆ ఇద్దరూ సగం మాటలు చేతులతోనే కానిస్తారు.

నేను అతని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. సుజాత వెనకే వచ్చింది.

“ఇప్పుడు జెప్పు. ఎందుకు రాలే?”

అతని పెదవులు కదిలాయి. మాట రాలేదు, గాలి వచ్చింది.

గొంతు మారితే ఆ రోజే రమ్మని డాక్టరు నా ముందరే చెప్పాడు. జబ్బు తిరగబెట్టిందేమో చూడాలన్నాడు.

“ఎన్నొద్దుల సంది?” సుజాత అతన్నే అడిగింది. “మొదట్ల జర బొంగురువోతే నూలు దుమ్మనుకుంటి. మొత్తం ఎప్పుడు వోయిందో నాకెర్కనే లేకపాయె! పొద్దంత నీ పక్కపొంటే ఉంటి గదా!”

మల్లేశం షెడ్డు వైపు చూపించి, చీర మడత పెట్టినట్టు చేతులాడించి, పట్నం వైపు వేలు చూపాడు. ఆర్డరు కానిచ్చి పోదామనుకున్నాడట. సుజాత లోపలికి పోయి ఇద్దరి సాంచాలూ ఆపేసి వచ్చింది.

“రేపు మొదటి బస్సుకే తీస్కపోత వదినా.”

రెండున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. కోతలు, మందులు, కరెంటు అన్నీ ఓర్చుకున్న మనిషి, అంతా అయిపోయిందనుకున్నాక జారిపోయాడు. అయ్యో, ఒక్కరమైనా అతన్ని నోటితో మాట్లాడమని మొండికేసి ఉంటే! మీ ఇంట్లో జబ్బు తగ్గిన మనిషి ఉంటే మెసేజ్ చూసి ఊరుకోకండి.

కోరుట్ల బస్టాండులో లత ఎదురుచూస్తోంది.

“బాపు మాట్లాడిండా అత్తమ్మా? ఏమన్నడు?”

ఖాళీ డబ్బా ఆమె చేతిలో పెట్టాను. “కోపం గాదు బిడ్డా, గొంతే వోయింది, రేపు పట్నం తీస్కపోతున్నరు,” అన్నాను.