పాటల మధ్య మోగిన సైరన్

నా చిన్నప్పుడు అలగడంలో నన్ను మించినవాళ్ళు మా క్వార్టర్ల లైన్లో ఎవరూ లేరు. మాది గోదావరిఖనిలో బొగ్గుబావి కార్మికుల కాలనీ. రెండేసి గదుల ఇళ్ళు, ఒకదాని గోడ ఒకదానికి ఆనుకుని ఉండేవి. ఒక ఇంట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్మేవాళ్ళు. అలాంటి చోట నేను అన్నం మానేసి మూల కూర్చుంటే ఆ కబురు లైను చివరిదాకా పోయేది. ఇప్పుడు మా మనవరాలు మూతి ముడుచుకుంటే ఇంట్లో అందరూ నానమ్మ పోలికే అని నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. నా అలక ఒకసారి ఎంత దూరం పోయిందో నాకు తెలుసు.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఎనభైల మొదటి రోజులు. హైదరాబాద్ నుంచి ఒక రాక్ బ్యాండు వస్తోందని, శనివారం నాలుగింటికి ఆటల గ్రౌండులో పాడుతుందని గోడల మీద కాగితాలు అతికించారు. మాకు ఆర్కెస్ట్రా అంటే తెలుసు, సినిమా పాటలు పాడేవాళ్ళు. రాక్ అన్న మాట మాత్రం అదే మొదటిసారి వినడం. మా తరగతిలో ఒక పిల్లకు అన్నీ ముందే తెలిసేవి. వాళ్ళ జుట్టు భుజాల దాకా ఉంటుందని, గిటార్లకు కరెంటు పెడతారని, ఆ చప్పుడుకు గుండె ఆగిపోతుందని చెప్పింది. గుండె ఆగిపోయే ఆ చప్పుడు వినకపోతే నేను బతికి దండగ అనుకున్నాను.

చిక్కల్లా మా బాపు షిఫ్టుతోనే వచ్చింది. ఆ వారం ఆయనది రెండో షిఫ్టు. మూడింటికి బావిలోకి దిగితే మళ్ళీ పైకి వచ్చేది రాత్రి పదకొండుకే. బాపు వెంట లేకుండా అంత గుంపులోకి పోయేది లేదని అమ్మ తెగేసి చెప్పింది. నేను ఆ పూటా తినలేదు, మర్నాడు పొద్దున్నా తినలేదు. అమ్మ పట్టించుకోలేదు. బాపు మాత్రం డ్యూటీకి పోయేముందు రెండుసార్లు నా దగ్గరికి వచ్చి నిలబడి వెళ్ళిపోయాడు.

పక్కింట్లో ఒక అక్క ఉండేది. కమాన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. నాట్లు, కోతలు, బర్రెలు తెలిసిన మనిషి. బావుల సంగతి, షిఫ్టుల సంగతి ఇంకా నేర్చుకుంటోంది. నాకు జడలు వేసేదీ, చింతకాయ తొక్కు పెట్టేదీ ఆమే. ఆమె భర్తను నేను బావా అని పిలిచేదాన్ని. ఆయనా మా బాపు పనిచేసే బావిలోనే. నా నిరాహారదీక్ష మూడో రోజు పొద్దున్నే, తన డ్యూటీకి పోతూ ఆయన మా గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి పగలబడి నవ్వాడు.

"ఏందే, గా పాటలకోసం పాణం తీస్కుంటవా? మామా, శనారం నీ షిఫ్టుల నేను దిగుత. నా మొదటి షిఫ్టు నువ్వు చెయ్యి. మీ అక్కను గూడ తీస్కపోండ్రి. పాటలెట్లున్నయో వచ్చినంక నాకు చెప్పాలె."

ఇలా షిఫ్టులు మార్చుకోవడం మా దగ్గర కొత్తేమీ కాదు. ఇంట్లో పెళ్ళి ఉన్నా చావు ఉన్నా ఒకరి బదులు ఒకరు దిగేవాళ్ళు. నా అలక కూడా పెళ్ళీ చావుల వరసలో చేరిపోయింది. నేను ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

శనివారం బాపు పొద్దున షిఫ్టు ముగించుకుని, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కంటి అంచుల్లో బొగ్గు మాత్రం పోలేదు, అది ఎప్పుడూ పోయేది కాదు. అప్పటికే బావ బావిలోకి దిగాడు. మేం నలుగురం గ్రౌండుకు వెళ్ళేసరికి ముందు జాగాలన్నీ నిండిపోయాయి. వెనక గోల్ స్తంభం పక్కన జంపఖానా పరచుకుని కూర్చున్నాం. స్టేజీ మీద మనిషెత్తు స్పీకర్ల పెట్టెలు, వాటి మధ్య మెరిసే డ్రమ్ములు, ఐదుగురు కుర్రాళ్ళు.

మొదటి దెబ్బ పడగానే అక్క నా మోచేయి గట్టిగా పట్టుకుంది. ఆ చప్పుడు చెవిలోకి కాదు, ముందు కడుపులోకి వచ్చింది. బొగ్గుకోసం బాంబులు పేల్చినప్పుడు మా ఇంట్లో గిన్నెలు అదురుతాయి. నా పక్కటెముకలు అలా అదిరాయి. గిటారు ఏడ్చింది, అరిచింది, కీచుమంది. పాట ఏ భాషో తెలియదు. జుట్టు ఊపుతూ పాడేవాడి మెడ నరాలు అంత వెనక నుంచీ కనిపించాయి. అమ్మ చెవులు మూసుకుని, వీళ్ళకు ఏం బాధ వచ్చిందని అడిగింది. బాపు మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. నాకు ఏడుపు వచ్చింది, ఎందుకో తెలియదు. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు, ఆ మాట ఇప్పుడైనా ఒప్పుకోవాలి. జరిగినదాని వల్ల ఆ సంతోషం అబద్ధమైపోదు.

నాలుగో పాటో ఐదో పాటో అయ్యాక చప్పుడు ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దంలో సైరన్ మోగింది.

మా కాలనీలో రోజుకు మూడుసార్లు, షిఫ్టు మారే వేళకు బావి సైరన్ మోగుతుంది. ఆ వేళల్లో మోగితే కుక్కలు కూడా తల తిప్పవు. వేళ కాని వేళ మోగిందంటే లోపల ఏదో జరిగిందని అర్థం. ఆ అర్థం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు, తల్లి ఒళ్ళోనే తెలిసిపోతుంది. సన్నగా మొదలై, పైకి పైకి లేచి, ఆగకుండా సాగింది. గ్రౌండులో ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. డ్యూటీ లేని మగవాళ్ళు అప్పుడే రోడ్డువైపు పరిగెత్తుతున్నారు. బాపు కూడా లేచాడు. నేను ఆయన చేయి రెండు చేతులతో పట్టుకుని వేలాడాను.

అక్క ఒక్కతే ఇంకా కూర్చుని ఉంది. ఆమె ఈ ఊరికి వచ్చాక సైరన్ అలా మోగడం అదే మొదటిసారి. "ఏమైంది? అందరు ఎందుకు ఉరుకుతున్నరు?" అని నన్ను అడిగింది.

"బాయిల ఏదో అయిందక్కా. మనకేం ఫికర్ లేదు, బాపు ఈడనే ఉన్నడు గద."

ఆ మాట అన్నప్పుడు నేను నవ్వాను కూడా.

అక్క నా మొహంలోకి చూసింది. "మరి మీ బావ?" అంది.

నా వేళ్ళు వాటంతట అవే ఊడిపోయాయి. బాపు పరిగెత్తాడు. అక్క చెప్పులు అక్కడే వదిలేసి ఆయన వెనక పరిగెత్తింది. అమ్మ నా రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది. వెనక నుంచి ఎవరో అది స్టేజీ మీది సైరనే అని అరుస్తున్నారు. ఆ పాడేవాడు చేత్తో తిప్పే సైరన్ ఒకటి తెచ్చుకుని, పాటకు ముందు మైకు దగ్గర పెట్టి తిప్పాడట. ముందు వరసలవాళ్ళు కళ్ళారా చూశారు. వెనక ఉన్న మాకు చెవులు తప్ప ఏం ఉన్నాయి? దారిలో ఒకరిద్దరు ఎదురై అదే మాట చెప్పారు కానీ, అలాంటప్పుడు మంచి మాట చెప్పేవాణ్ణి ఎవరు నమ్ముతారు?

బావి దగ్గర దీపాల గదిలో ఒక చాచా ఉండేవాడు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ళ ఆయనకిచ్చి తలదీపం తీసుకుంటాడు. లోపల ఎవరున్నారో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆయన గేటు దగ్గరికి వచ్చి, చేతులు పైకెత్తి, ఇక్కడ సైరన్ మోగనే లేదని, లోపల అంతా సలామత్‌గా ఉందని గొంతు పోయేలా చెప్పాడు. ఆడవాళ్ళు కొందరు ఏడ్చారు, కొందరు ఆ జుట్టు కుర్రాళ్ళను తిట్టిపోశారు. మెల్లగా ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. అక్క కదలలేదు.

"ఆయన గొంతు ఇనాలె నేను," అంది.

"ఏం కాలె బేటీ, ఫికర్ చెయ్యకు. సచ్ చెప్తున్న," అన్నాడు చాచా.

ఆమె నేల మీద చతికిలబడింది. రాళ్ళ మీద ఉత్త కాళ్ళతో పరిగెత్తినందుకు అరికాలు కోసుకుపోయి నెత్తురు కారుతోంది, ఆమె చూసుకోలేదు. చాచా జాలిపడి ఆఫీసులోని టెలిఫోను తిప్పి లోపలికి మాట్లాడాడు. బావ పనిచేసే చోటు ఫోనుకు చాలా దూరం. పిలుచుకురావడానికి అరగంట పట్టింది. ఆ అరగంట నా జీవితంలో ఇంకా అయిపోలేదనిపిస్తుంది ఒక్కోసారి. బాపు గోడ పక్కన నిలబడి, మెడలోని తువ్వాలు తీసి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. ఏం కాలేదు బిడ్డా అని ఒకసారి అన్నాడు. అక్క ఒక్కసారి తలెత్తి ఆయన్ను చూసింది. ఆ చూపేమిటో నాకు అర్థం కాలేదు, కానీ భయం వేసి అమ్మ వెనక్కి పోయాను.

ఫోను వచ్చింది. అక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుని వింది. మాట్లాడు బేటీ అని చాచా అన్నాక, నోరు తెరిచింది.

"మంచిగున్నయి," అంది. "పాటలు శాన మంచిగున్నయి. నువ్వు పైలంగ ఉండు."

బావ ఏమడిగాడో మాకు అందరికీ తెలిసిపోయింది. బాపు అవతలి వైపు తిరిగి నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు గ్రౌండు మీదుగానే రావాలి. స్టేజీ ముందు జనం మూగి అరుస్తున్నారు. ఆ పాడేవాడు స్టేజీ అంచున తల దించుకుని కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మాకు తెల్వదన్నా, మాకు తెల్వదు అని వచ్చినవాడికల్లా అదే మాట చెబుతున్నాడు. వాళ్ళు మళ్ళీ వాయించలేదు. నేను అంత ఏడ్చి, అంత అలిగి చూడబోయిన కచేరీ అక్కడితో అయిపోయింది.

మర్నాడు ఆదివారం. నేను అక్క కంటపడకుండా తిరిగాను. ఆమె నల్లా దగ్గరికి వస్తే నేను నీళ్ళు పట్టకుండానే బిందె తీసుకుని ఇంట్లోకి వచ్చేశాను. మధ్యాహ్నం ఆమే పిలిచింది, తల దువ్వుతా రమ్మని. తప్పించుకునే దారి లేదు. ఆమె ముందు కూర్చున్నాను. నూనె రాసి, దువ్వడం మొదలుపెట్టింది. ఆమె మొహం నాకు కనిపించడం లేదు. గొంతు మాత్రమే వెనక నుంచి వచ్చింది.

"నిన్న నువ్వన్న మాటకు నాకు కోపం రాలేదనుకోకు. వచ్చింది."

నేను తల వంచుకున్నాను. జడ కోసం ఆమె దాన్ని మళ్ళీ నిటారుగా నిలబెట్టింది.

"ఆడ కూసున్నంత సేపు నేనేం జేసిన్నో నీకెరికేనా? మీ బాపు గోడకాడ నిలబడ్డడు గద. షిఫ్టు ఈయనది, ఈయననే లోపట ఉండాలె, నా మనిషి పైన ఉండాలె అనుకున్న. ఉత్తగ అనుకునుడు గాదు. మార్చుకున్న షిఫ్టు మల్ల మార్చు దేవుడా అని మొక్కుకున్న."

నాకు తొక్కు పెట్టే అక్క, నాకు జడ వేస్తున్న ఈ చేతులు, మా బాపును బావిలో పెట్టమని దేవుణ్ణి అడిగాయి. లేచి పరిగెత్తాలనిపించింది. కానీ నా జుట్టు ఆమె చేతుల్లో ఉంది. పైగా పరిగెత్తి ఏమని చెప్పాలి? నేను ఆమె మొగుణ్ణి బావిలో ఉంచి నవ్వినదాన్ని.

"నువ్వు నవ్వినవు, నేను మొక్కిన," అంది అక్క. "ఇగ నన్ను చూసి మొకం దాసుకోకు. నేను గూడ దాసుకోను."

రిబ్బను గట్టిగా ముడివేసి, వీపు మీద ఒక్కటి చరిచి, పొమ్మంది. ఎవరికీ చెప్పొద్దని ఆమె అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం బావ నన్ను పిలిచి పాటల సంగతి అడిగాడు. నేను చేతులతో డ్రమ్ములు వాయించి చూపించాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. సైరన్ కథ ఊరంతా అప్పటికే చెప్పుకుంటోంది, ఆయనకూ అది నవ్వులాటగానే ఉంది. బాపుకు మాత్రం అది నవ్వులాట కాలేదు. ఆ తర్వాత ఆయన పని మానేదాకా ఎవరితోనూ షిఫ్టు మార్చుకోలేదు. అమ్మ దవాఖానలో ఉన్న రోజుల్లో కూడా బావ దిగుతానంటే వద్దన్నాడు. బావ కొంత నొచ్చుకున్నాడు కూడా. కారణం అడిగితే బాపు ఊరికే తల అడ్డంగా ఊపేవాడు. ఆ అరగంటలో అక్క చూపు ఆయనకు అర్థమైందేమో నేను ఎన్నడూ అడగలేదు.

అక్క ఆ మాట నాకెందుకు చెప్పిందా అని చాలా ఏళ్ళు ఆలోచించాను. చెప్పకపోతే ఆమెకు పోయేదేమీ లేదు. పెద్దమనిషిగా నన్ను క్షమించేసి, ఆ మచ్చ నా ఒక్కదానికే వదిలేసి ఉండవచ్చు. అలా చేసి ఉంటే నేను ఆమె ముందు జీవితమంతా తల వంచుకుని తిరిగేదాన్ని. ఆమె తన సిగ్గును తెచ్చి నా సిగ్గు పక్కన పెట్టింది. పదకొండేళ్ళ పిల్లకు అది మోయరానంత బరువే. అయినా అంత గౌరవం నాకు ఆ తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పటికీ ఎక్కడైనా గని కూలిందని, బస్సు బోల్తా పడిందని వార్త వస్తే నేను ముందు నావాళ్ళ పేర్లే వెతుకుతాను. లేవని తెలియగానే ఊపిరి వదులుతాను. ఈ వయసులో నన్ను నేను మార్చుకోలేను, మార్చుకున్నానని అబద్ధమూ చెప్పను. కానీ ఆ ఊపిరి వదిలాక ఊరుకోలేను. ఎక్కడో ఒకామె నేల మీద కూర్చుని, తన మనిషి బదులు నా మనిషి పోయి ఉంటే బాగుండునని మొక్కుకుంటూ ఉంటుంది. ఆమె మీద నాకు కోపం రాదు. మా ఊళ్ళోనే అయితే లేచి, చెప్పులు వేసుకుని, ఆమె ఇల్లెక్కడని అడుగుతూ వెళతాను.