మగ్గం మీద వదిలిన కొసలు

పంజాగుట్టలో మెట్రో దిగి నడుస్తుంటే ఓ బట్టల షోరూం తలుపు తెరుచుకుంది. కొత్త నూలు చీరల గంజి వాసన గుప్పుమంది. యాదగిరన్న గుర్తొచ్చి కాళ్లు ఆగిపోయాయి. సాఫ్ట్‌వేర్ జోరు మీదున్న రోజుల్లో నేను గుంటూరు నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండేదాన్ని. పొద్దున అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు, మధ్యాహ్నం నుంచి ఇలాంటి షోరూంలోనే ఉద్యోగం. చీర మడత విప్పడం దగ్గర్నుంచి, కొనకుండా లేచిపోయేవాళ్లను నవ్వుతూ సాగనంపడం దాకా అన్నీ నేర్పింది అక్కడే సేల్స్‌మన్‌గా చేసే ఆయనే. కోర్సు అబ్బలేదు గానీ ఈ పని అబ్బింది.

యాదగిరన్న నల్గొండ వైపు నేతపనివాడు. ఊళ్లో చేనేత సొసైటీ నూలు ఇచ్చేది, నేసిన చీరలు తీసుకునేది. అమ్ముడుపోతాయా లేదా అన్న బెంగ నేసేవాళ్లకు ఉండేది కాదు. తర్వాత సర్కారు చేయి వెనక్కి తీసుకుంది, మీ సరుకు మీరే బజారులో అమ్ముకోండంది. పొమ్మనలేక పొగబెట్టడమంటే అదే. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. భార్య లక్ష్మమ్మను ఊళ్లో ఉంచి ఆయన ఇక్కడికొచ్చాడు గానీ, మగ్గం మాత్రం విప్పలేదు. చీర కోశాక పాత పోగుల కొసలు మగ్గం మీదే ఉంచుతారట, కొత్త పోగులు వాటికే అతుకుతారట. "కొసలున్నయంటే మగ్గం బతికున్నట్టే బిడ్డా. జర నిలదొక్కుకున్నంక పోయి అతుకుడే," అనేవాడు.

ఆయనకో పిచ్చి నమ్మకం, తేడా తెలిస్తే జనం చేనేతే కొంటారని. వాళ్ల ఊరి నమూనానే మరమగ్గం మీద దింపి మా షోరూంలో సగం ధరకు అమ్మేవారు. చేనేతేనని చెప్పమని ఓనర్ అంటే ఆయన వింటేగా! "గిది మిషన్‌ది మేడం. గిది చేతితోని నేసింది. పట్టుకొని సూడుండ్రి," అనేవాడు. ఐటీ ఆఫీసుల అమ్మాయిలు రెండూ పట్టుకుని చూసి, "థాంక్స్ అంకుల్, నిజం చెప్పారు," అంటూ మిషన్‌దే తీసుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

"ఏంటన్నా, నిజం చెప్పి ఏం బావుకున్నావు?"

"ఇయ్యాల గాకపోతే రేపు కొంటరు బిడ్డా."

ఓసారి బల్కంపేట ఎల్లమ్మ బోనాలకు లక్ష్మమ్మ వచ్చింది. పండక్కి చీర పెట్టాలి కదా. ఆయన చేనేత చీర తీశాడు, ధర చూశాడు, మళ్లీ అరలో పెట్టేశాడు. మిషన్ చీర తీసుకున్నాడు. నా వంక చూడలేదు.

మర్నాడు లక్ష్మమ్మ ఆ చీరే కట్టుకుని షోరూంకొచ్చింది. కొంగు వేళ్ల మధ్య నలిపి చూసుకుంది.

"మంచిగనే ఉన్నదయ్యా, తేలిగ్గున్నది. మనమే గిది కట్టుకుంటే మనది ఇంకెవలు కొంటరు?"

ఆయన కౌంటర్ మీది చీరలు మడతపెట్టసాగాడు.

"పోయినంక గా కొసలు కోసేస్త. మగ్గం జాగల మేకలన్న కట్టేసుకుంట."

"కొయ్యి," అన్నాడాయన. ఆ మాట విని నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు, కస్టమర్లు వస్తే లేచి వెళ్లాడు.

ఇప్పుడు అమీర్‌పేట సందులో నాకో చిన్న చీరల కొట్టుంది. ఏది మిషన్‌దో ఏది మగ్గానిదో ఎన్నో ఏళ్లు దాచకుండా చెప్పాను. జనం మెచ్చుకున్నారు, మిషన్‌దే పట్టుకెళ్లారు. చేనేత సరుకు తెప్పించడం ఈ మధ్య నేనూ మానేశాను. ఎవరైనా చీర పట్టుకుని చూస్తుంటే, అడక్కముందే "మిషన్‌దేనండీ" అంటాను. ఆయన దగ్గర నేర్చుకున్నదాంట్లో నాకు మిగిలింది ఆ ఒక్క మాటే.