రెండు కిలోల రాయి

మా అమ్మమ్మ పిల్లల ఆసుపత్రిలో ఆయా. పొద్దున వార్డులో పక్కబట్టలు మార్చి, మధ్యాహ్నం చుట్టుపక్కల వీధులు తిరిగి పసిపిల్లల్ని తూచేది. భుజాన వేలాడే కాటా, చేతిలో సంచి, సంచిలో తాతయ్య కూరగాయల బండి మీది రెండు కిలోల తూకం రాయి. తాతయ్య పోయాక బండి అమ్మేసింది కానీ రాయిని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ప్రతి వీధి మొదట్లో ఆ రాయిని కాటాకు తగిలించి, ముల్లు సరిగ్గా రెండు మీద నిలిచాకే పిల్లల జోలికి వెళ్లేది. “ముందు రాయి, తర్వాత రత్నం” అనేది. ఎనిమిదో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్నాక ఆ రాయి మోసే ఉద్యోగం నాకొచ్చింది. జీతం లేదు. తిట్లు మాత్రం ఒక్క రోజు కూడా బాకీ పడలేదు.

వీధుల్లో ఆమెను తక్కెడ మామ్మ అనేవాళ్లు. ఆ పేరు ముఖం మీదే అనే ధైర్యం నాకొక్కదానికే ఉండేది.

వార్డుకు పెద్ద సిస్టర్ ఒకావిడ ఉండేది. ముప్పై ఏళ్ల కిందట ఆవిడ శిక్షణకు వచ్చిన మొదటి రోజున, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను చేతికిస్తే వణికిపోయి ఏడ్చిందట. అమ్మమ్మ వెనకాల నిలబడి, ఆవిడ మోచేతుల కింద తన చేతులుంచి, ఎలా పట్టుకోవాలో నేర్పింది. ఆ రోజు నుంచి అమ్మమ్మ ఆవిడకు “అక్క”, ఆవిడ అమ్మమ్మకు “ఒసేయ్ పిల్లా”. తల నెరిసి, పెద్ద సిస్టరై, మనవరాలు పుట్టినా, డాక్టర్ల ముందు కూడా ఒసేయే. ఆవిడ నవ్వేసేది.

ఒకసారి ఆసుపత్రికి బరువు తూచే కొత్త మిషన్లు వచ్చాయి, వీధుల్లోకీ ఒకటి మోసుకెళ్లాలన్నారు. బిడ్డను పడుకోబెడితే అంకెలు వెలుగుతాయి. పరీక్షించి తీసుకున్నానని పెద్ద సిస్టరే సంతకం పెట్టింది. అమ్మమ్మ మామూలుగా రాయి తీయబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, వీటి మీద రాళ్లూ రప్పలూ పెడితే పాడైపోతాయని చెప్పింది. మా అమ్మమ్మ ఎవరి మాటా వినదు. ఆవిడ మాట వింది.

ఆ ఆదివారమే పెద్ద సిస్టర్ తన మనవరాలిని ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది. నీ చెయ్యి మంచిదక్కా, పాత కాటాతోనే ఓసారి తూచిపెట్టు అంది. అమ్మమ్మ పొంగిపోయింది. వరసగా నాలుగు ఆదివారాలు వచ్చింది, నాలుగుసార్లూ అమ్మమ్మ పొంగింది. ఇంకొక్క ఆదివారం వస్తే పొంగి గుమ్మంలో పట్టవేమో అని నేను ఏడిపించాను.

మేం తిరిగే వీధుల్లోనే బట్టలు కుట్టే ఆవిడకు ఓ ఆడబిడ్డ ఉండేది. ఎనిమిది నెలలది. చేతులు వేళ్లంత సన్నం, ఏడవడానికి కూడా ఓపిక లేదు. బరువు చీటీ మీద ఎర్ర గీత ఉంటుంది, దాని కిందికి జారిన పిల్లలకే వార్డులో మంచం ఇస్తారు. ఆసుపత్రికి తెచ్చినప్పుడు ఈ పిల్ల కొత్త మిషన్‌లో రెండుసార్లూ గీతకు పైనే తేలింది. “నా కళ్లకు ఒకటి కనిపిస్తోంది, మిషన్ ఇంకోటి చెబుతోంది” అని అమ్మమ్మ గొణిగింది. అయినా మిషన్ చెప్పిందే రాసి తల్లినీ బిడ్డనూ ఇంటికి పంపేసింది.

మూడోసారి వాళ్ల గుమ్మం దగ్గరే తూచే రోజు అమ్మమ్మ మంచినీళ్లకు లోపలికి వెళ్లింది. కుదురుగా కూర్చోవడం నా ఒంట్లో లేదు. అలవాటుగా ఇంకా మోస్తున్న రాయి తీసి మిషన్ మీద పెట్టాను. రెండు కిలోల నాలుగు వందల గ్రాములు అని వెలిగింది. నేను చేసిన అల్లరంతటిలో పనికొచ్చింది అదొక్కటే. అమ్మమ్మ వచ్చి చూసి నన్ను తిట్టలేదు. అప్పుడు భయమేసింది నాకు.

సాయంత్రమే వెళ్లి పెద్ద సిస్టర్‌కు చెప్పింది. ఆవిడ అంతా విని, నేను చూసుకుంటానక్కా, నువ్వెవరితోనూ అనకు అంది. అమ్మమ్మ నిశ్చింతగా ఇంటికొచ్చింది.

మూడో రోజున కాగితం వచ్చింది. ఆయాకు చూపు మందగించింది, అంకెలు తప్పు చదువుతోంది, ఇకమీదట వీధుల్లోకి పంపకూడదని రాసి ఉంది. కింద సంతకం పెద్ద సిస్టర్‌ది. నా జడలో పేను ఎటు నడుస్తోందో వీధి చివర నుంచి చెప్పగల మనిషికి చూపు మందగించిందట. నేను నవ్వబోయి అమ్మమ్మ ముఖం చూసి మానేశాను.

“పైవాళ్లెవరో రాయించి ఉంటారు. అది నా చేతుల్లో పెరిగిన పిల్ల” అంది.

“మరి తన మనవరాల్ని నీ పాత కాటాతో ఎందుకు తూయించుకుంది, తక్కెడ మామ్మా?” అన్నాను.

ఊరికే నోటి దురదకొద్దీ అన్న మాట. అమ్మమ్మ మడతపెడుతున్న పక్కబట్టను మళ్లీ విప్పింది. మళ్లీ మడిచింది. మళ్లీ విప్పింది.

“మొదటి వారం నుంచే తెలుసన్నమాట” అని, బట్ట పక్కన పడేసి, “ఆ బిడ్డను రెండుసార్లు వెనక్కి పంపాను కదే” అంది.

మర్నాడు పొద్దున్నే బట్టలు కుట్టే ఆవిడనూ బిడ్డనూ వెంటబెట్టుకుని తిన్నగా పెద్ద డాక్టర్ గదికి వెళ్లింది. రాయి నేనే మోశాను. అమ్మమ్మ రాయిని బల్ల మీద పెట్టి, మిషన్ మీద మీరే పెట్టి చూడండి బాబూ, నాకు చూపు ఆనదట కదా అంది. డాక్టర్ చూశాడు. పరీక్షించింది ఎవరని పుస్తకం తెప్పించాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్ద సిస్టర్ సన్నగా అంది: “సంతకం పెట్టాక తెలిసిందక్కా. పరువు పోతుందనుకున్నా.”

అమ్మమ్మ అటు తిరగలేదు. బిడ్డకు మంచం ఏదని అడిగింది. కిటికీ పక్కది ఇచ్చారు. కొత్త మిషన్లు మూటగట్టి వెనక్కి పంపారు. ఆ బిడ్డ మూడో వారానికి నా జడ పట్టుకుని లాగేంత బలం తెచ్చుకుంది.

బిడ్డకు మంచం ఇచ్చిన వారం ఆదివారమే పెద్ద సిస్టర్ మళ్లీ మా ఇంటికి వచ్చింది, చంకలో మనవరాలితో. గుమ్మం అవతలే ఆగిపోయింది. అమ్మమ్మ లేచి కాటా తగిలించింది. ముందు రాయి తూచింది, తర్వాత పిల్లను తూచింది. చీటీ మీద బరువు రాసి, పిల్ల బుగ్గ నిమిరి అందించింది.

“మీ మనవరాలు బాగుందండీ, సిస్టర్ గారూ” అంది.

ముప్పై ఏళ్లలో మొదటిసారి. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, ఒసేయ్ అనక్కా, నాలుగు తిట్టక్కా అని బతిమాలింది.

“జాగ్రత్తగా వెళ్లిరండి” అని అమ్మమ్మ రాయిని సంచిలో పెట్టేసుకుంది.