గంధపు దండ

ఆ మధ్య కళ్యాణదుర్గం నుంచి బెళుగుప్ప పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఒళ్లో ఒక యువతి ఫోటో, దానికి గంధపు దండ.

"ఎప్పుడు పోయినాది పెద్దాయనా?" అన్నాను.

"పోలేదప్పా. నా కూతురే. కువైట్‌లో ఉండాది. ఆడనే పాకిస్తానాయన్ని పెండ్లి చేసుకునింది. ఈడ నా కొడుక్కి మిలిటరీ ఆఫీసులో ఉద్యోగం వచ్చినాది. రేపు విచారణకు పోలీసులు ఇంటికొస్తారు. అట్లాంటి సంబంధం ఉంటే ఉద్యోగం ఇయ్యరంట. బిడ్డ చచ్చిపోయిందని చెప్తాం."

అంతలో ఆయన ఫోన్ మోగింది. నంబరు చూసి, ముందు ఫోటో మీది దండ తీసేశాడు. తర్వాతే ఫోన్ ఎత్తాడు.

"తల్లీ, బాగుండావా? తింటివా?"

మాట్లాడటం అయ్యాక దండ వేయబోతే, బస్సు కుదుపులకు ఫోటో నిలవలేదు.

"రవ్వంత పట్టుకోప్పా" అన్నాడు.

నేను కదలకుండా పట్టుకుంటే, ఆయన కూతురికి మళ్లీ దండ వేశాడు.